ఆజాద్ వీసా మీద కువైట్ వెళ్తే తర్వాత అకామా మారుతుందా?

పి.గన్నవరం వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల బావమరిదికి 24 ఏళ్లు, పదో తరగతి తప్పాడు, కారు డ్రైవింగ్ వచ్చు. ఏజెంటు లక్షా ఎనభై వేలు అడుగుతున్నాడు. "ఖాదీం వీసా వస్తుంది, కానీ అది ఆజాద్, కఫీల్ ఇంట్లో పని చెయ్యక్కర్లేదు, బయట ఎక్కడైనా చేసుకోవచ్చు, నెలకి 130 దినార్లు ఖాయం, కఫీల్‌కి ఏడాదికి 350 దినార్లు కడితే చాలు, ఏడాది తిరిగాక 18కి మార్పిస్తాం" అన్నాడట. (కఫీల్ అంటే వీసా ఇచ్చే అక్కడి యజమాని, అకామా అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్, ఖాదీం అంటే ఇంటి పని వీసా, 18 అంటే కంపెనీ అకామా.) ఇది లీగలేనా, అప్పు చేసి పంపొచ్చా అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆజాద్ వీసా అనేది కువైట్ చట్టంలో లేదు. ఆ అబ్బాయి చేతికి వచ్చేది మామూలు ఇంటి పని వీసాయే. దాని మీద వెళ్లి బయట పని చేస్తే మొదటి రోజు నుంచీ అక్కడి చట్టానికి విరుద్ధంగా ఉన్నట్టే. ఏడాది తర్వాత 18కి మార్పించడం ఏజెంటు చేతిలో ఉన్న పని కాదు. డబ్బు కట్టకండి. అడ్వాన్సు ఇప్పటికే ఇచ్చేసి ఉంటే డబ్బు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకోండి.

నాది రాజోలు దగ్గర పల్లెటూరు. 2004 నుంచి 2021 దాకా కువైట్‌లో ఉన్నాను, అందులో చివరి పదమూడేళ్లు ఫర్వానియాలో ఒక టైపింగ్ సెంటర్లో పని. అకామా రెన్యువల్, రిలీజు, క్యాన్సిలేషన్, పరారీ కేసుల కాగితాలు రోజూ చేతుల మీదుగా వెళ్లేవి. తిరిగొచ్చాక కూడా మా చుట్టుపక్కల వాళ్లు వీసా కాగితం రాగానే నా దగ్గరికి తెచ్చి చూపిస్తారు, అరబీ చదవడం వచ్చు కాబట్టి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2004లో నేను వెళ్లింది కూడా ఈ ఆజాద్ వీసా మీదే. ఆ మూడేళ్లు ఎలా గడిచాయో కింద చెబుతాను.

మన వైపు "వీసా వచ్చింది" అనగానే పని అయిపోయిందనుకుని స్వీట్లు పంచేస్తారు. కానీ వీసా కువైట్ ఎయిర్‌పోర్టులో లోపలికి రానివ్వడానికి మాత్రమే. దిగాక మళ్లీ మెడికల్ చేస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, హెల్త్ ఇన్సూరెన్సు కట్టాలి, ఇవన్నీ అయ్యాక కఫీల్ అకామా కొట్టించాలి, దాని మీద సివిల్ ఐడి కార్డు, అంటే మనవాళ్లు బతాకా అనేది, చేతికి వస్తుంది. అక్కడ ఉండే హక్కూ, పని చేసే హక్కూ రెండూ ఆ అకామాలోనే ఉంటాయి. అకామాకి ఒక ఆర్టికల్ నంబరు ఉంటుంది. 17 గవర్నమెంటు ఉద్యోగులది. 18 ప్రైవేటు కంపెనీలది, మనవాళ్లు షూన్ వీసా అంటారు. 20 ఇళ్లలో పని చేసేవాళ్లది, ఖాదీం వీసా. 22 భార్యాపిల్లలది. ఏ నంబరు మీద ఉన్నావో ఆ పనే, ఎవరి పేరు మీద ఉన్నావో వాళ్ల దగ్గరే చెయ్యాలి. 20 మీద ఉన్న మనిషి సాల్మియాలో సెలూన్‌లో కత్తెర పట్టుకుని దొరికితే చెకింగువాళ్లు చూసేది ఒక్కటే, బతాకా మీద ఉన్న కఫీల్ పేరూ ఆ సెలూన్ యజమాని పేరూ ఒకటేనా అని. కఫీల్‌కి డబ్బులు కడుతున్నాను అని చెబితే లాభం లేదు, అది ఇంకో నేరం ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఈ అకామాల అమ్మకం ఎప్పటినుంచో ఉన్నదే, పట్టుకుంటే కేసులు కూడా అప్పట్లో ఉండేవి. కానీ ఇప్పుడు పరిస్థితి చాలా మారింది. 1959 నాటి పాత చట్టం తీసేసి 2024లో కొత్త విదేశీయుల నివాస చట్టం తెచ్చారు, 114వ నంబరు డిక్రీ, 2025 జనవరి 5 నుంచి అమల్లో ఉంది. అకామాలు అమ్ముకునేవాళ్లకి అందులో మూడు నుంచి అయిదేళ్ల జైలు, 5,000 నుంచి 10,000 దినార్ల జరిమానా పెట్టారు. తన కింద ఉన్న మనిషిని వేరేచోట పనికి వదిలేసే కఫీల్ కూడా తప్పు చేసినట్టే. దానికితోడు 2024 చివరికల్లా విదేశీయులందరూ బయోమెట్రిక్ వేలిముద్రలు ఇవ్వాలని పెట్టారు. ఇంతకుముందు పేరు మార్చుకుని, కొత్త పాస్‌పోర్టు తీసుకుని మళ్లీ వెళ్లినవాళ్ల కథలు మనూళ్లలో చాలా వింటాం కదా, ఆ దారి ఇక లేదు. ఒకసారి వేలిముద్రలు తీసి డిపోర్టు చేశారంటే ఆ మనిషికి కువైట్ తలుపు మూసుకుపోయినట్టే.

ఇక 20 నుంచి 18కి మార్చడం. ఏజెంట్లు చెప్పే మాటలన్నిట్లోకీ ఎక్కువ మంది నమ్మి మోసపోయేది ఇక్కడే, ఎందుకంటే ఇందులో కొంచెం నిజం ఉంది. 2024 జులై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా, రెండు నెలలు మాత్రం, ఇంటి పని అకామాని కంపెనీ అకామాగా మార్చుకోనిచ్చారు. దానికి కూడా ప్రస్తుత కఫీల్ ఒప్పుకోవాలి, ఆయన దగ్గర కనీసం ఏడాది చేసి ఉండాలి, 50 దినార్ల ఫీజు కట్టాలి. మా పక్క ఊరి కుర్రాడొకడు ఆ రెండు నెలల్లోనే మారాడు. ఇంటి డ్రైవరుగా ఆరేళ్లు ఒకే ఇంట్లో చేశాడు, ఆ ఇంటి పెద్దాయన తనే వెంటబెట్టుకుని వెళ్లి సంతకం పెట్టాడు. ఆ కుర్రాడి ఫొటో చూపించి "చూడండి, మారింది కదా" అని ఏజెంట్లు ఇప్పటికీ వీసాలు అమ్ముతున్నారని విన్నాను. అలాంటి అవకాశం మళ్లీ ఇస్తారా, ఇస్తే ఎప్పుడు అన్నది అక్కడి ప్రభుత్వం చేతిలో ఉంది. దాని మీద ఆశ పెట్టుకుని లక్షా ఎనభై వేలు అప్పు చెయ్యడం మాత్రం వద్దు.

డబ్బు లెక్క ఒకసారి వేసి చూద్దాం, ఎందుకంటే ఇంట్లోవాళ్లు చట్టం మాట కన్నా ఇది త్వరగా వింటారు. దినారుని రూ.280 లెక్కన వేసుకుందాం. బయట పనిలో నెలకి 130 దినార్లు నిజంగానే వచ్చాయనుకుందాం, ఒక్క నెల కూడా ఖాళీ లేకుండా. ఏడాదికి 1,560. అందులో కఫీల్‌కి 350 పోతాయి. హసావీలో ఆరుగురు ఉండే రూములో మంచం అద్దె, తిండి, బస్సు, ఫోను అన్నీ కలిపి ఎంత పొదుపుగా ఉన్నా నెలకి 45 దినార్లు, ఏడాదికి 540. మిగిలేది 670 దినార్లు, మన డబ్బులో సుమారు 1,87,000. ఇక్కడ తెచ్చిన లక్షా ఎనభై వేలకి నూటికి రెండు రూపాయల వడ్డీ వేసుకుంటే ఏడాదికి 43,200. అసలూ వడ్డీ కలిపి 2,23,200. అంటే మొదటి ఏడాదంతా కష్టపడినా అప్పు కూడా తీరదు. రెండో ఏడాది మొదలవగానే కఫీల్ మళ్లీ 350 అడుగుతాడు, నిజానికి అప్పుడు 350 అడగడు, 500 అడుగుతాడు, ఎందుకంటే ఈ కుర్రాడు ఎటూ పోలేడని ఆయనకి తెలుసు.

అదే కుర్రాడు అదే 20 వీసా మీద సక్రమంగా, కఫీల్ ఇంట్లోనే డ్రైవరుగా చేస్తే జీతం 110 దినార్లే రావచ్చు. వినడానికి తక్కువే. కానీ రూమూ తిండీ ఇంటివాళ్లవే, అకామా ఖర్చు వాళ్లదే. సొంత ఖర్చుకి నెలకి పది దినార్లు తీసినా ఏడాదికి 1,200 మిగులుతుంది, 3,36,000 రూపాయలు. జీతం 20 దినార్లు తక్కువైనా చేతిలో మిగిలేది దాదాపు రెట్టింపు. ఆజాద్ అనే మాటలో ఉన్న ఆకర్షణ అంతా ఆ 130 అంకెలోనే ఉంది, దాంట్లోంచి పోయేవి ఎవరూ చెప్పరు.

నా సంగతి చెబుతానన్నాను. 2004లో మా నాన్న అరెకరం తాకట్టు పెట్టి పంపించారు. కఫీల్ ముఖం నేను చూసింది రెండుసార్లు, ఎయిర్‌పోర్టులో ఒకసారి, వేలిముద్రల దగ్గర ఒకసారి. పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉండిపోయింది. నేను ఒక బకాలాలో, అంటే కిరాణా కొట్టులో, పొద్దున్న ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా చేసేవాణ్ణి. రెండో ఏడాది అకామా అయిపోయే టైముకి ఆయన అడిగిన డబ్బు నా దగ్గర లేదు. నాలుగు నెలలు అకామా లేకుండా ఉన్నాను. ఆ నాలుగు నెలల్లో రోడ్డు మీద పోలీసు బండి లైటు కనిపిస్తే కాళ్లు వణికేవి, జ్వరం వచ్చినా ఆసుపత్రికి వెళ్లలేకపోయాను, బతాకా అడుగుతారని. అప్పుడే మా అమ్మకి ఆపరేషన్. ఫోనులో ఏడవడం తప్ప ఏం చెయ్యలేకపోయాను, ఎందుకంటే వెళ్లడానికి పాస్‌పోర్టు లేదు, వెళ్తే తిరిగి రావడానికి అకామా లేదు. చివరికి బకాలా యజమాని పూచీ ఉండి డబ్బు సర్దితే అకామా కొట్టించుకున్నాను, 2007లో క్యాన్సిల్ చేయించుకుని ఇంటికొచ్చేశాను. తర్వాత టైపింగ్ సెంటర్ ఆయన నా పేరు మీద 18 వీసా తీసి పంపితే మళ్లీ వెళ్లాను. అప్పుడు ఇంట్లోవాళ్లు ఒక్క రూపాయి అప్పు చెయ్యలేదు. ఒకే మనిషి, ఒకే దేశం, అయినా ఆ మూడేళ్లకీ తర్వాతి పదమూడేళ్లకీ పోలికే లేదు.

నాకు పని జరిగి బయటపడ్డాను, అందరికీ అలా జరగదు. టైపింగ్ సెంటర్లో ఉన్నప్పుడు చూసిన కేసు ఒకటి మర్చిపోలేను. మలికిపురం వైపు కుర్రాడు, ఇంకా ముప్పై నిండలేదు. రెండేళ్లు కఫీల్‌కి డబ్బులు కట్టాడు, మూడో ఏడాది కట్టడం పదిహేను రోజులు ఆలస్యమైతే ఆ కఫీల్ వెళ్లి "మా ఇంట్లోంచి పారిపోయాడు" అని పరారీ రిపోర్టు ఇచ్చేశాడు. కాగితం ప్రకారం చూస్తే అది నిజమే, ఆ కుర్రాడు ఆ ఇంట్లో లేడు కదా. అతను నా దగ్గరికి వచ్చి కట్టిన డబ్బు వాట్సాప్ మెసేజీలు చూపించాడు. వాటిని ఎవరికి చూపిస్తాం? చూపిస్తే అకామా కొన్నట్టు అవుతుంది. ఖల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి, అయిపోయాడు. అలా దాక్కుని అయిదేళ్లు ఉన్నాడు. 2018 జనవరి 29 నుంచి ఏప్రిల్ 22 దాకా క్షమాభిక్ష ఇచ్చినప్పుడు మన ఎంబసీలో ఔట్‌పాస్, అంటే పాస్‌పోర్టు లేనివాళ్లకి ఇంటికి రావడానికి ఇచ్చే కాగితం, తీసుకుని ఇంటికి వచ్చాడు. పెళ్లై నెల తిరక్కుండా వెళ్లినవాడు తిరిగొచ్చేసరికి కూతురు స్కూలుకి వెళ్తోంది. ఆ తర్వాత 2020 ఏప్రిల్‌లో, మళ్లీ 2024లో మార్చి 17 నుంచి జూన్ నెలాఖరు దాకా క్షమాభిక్ష ఇచ్చారు. కానీ దాన్ని నమ్ముకుని అకామా లేకుండా కూర్చోకూడదు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎన్నేళ్లు గడిచాయో చూడండి. కొత్త చట్టంలో అకామా అయిపోయాక ఉండిపోతే ఇంటి పనివాళ్లకి రోజుకి 2 దినార్ల చొప్పున 600 దాకా జరిమానా, మిగతా ఉద్యోగులకి 1,200 దాకా.

సరే, మరి పంపాలంటే ఎలా పంపాలి? మీ బావమరిదికి వెళ్లాలని గట్టిగా ఉంటే వెళ్లొద్దు అనను. మన వైపు కువైట్, మస్కట్, ఖతార్ డబ్బుతో కట్టని ఇల్లు ఏ వీధిలో ఉంది చెప్పండి.

పది తప్పాడు కాబట్టి అతని పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కింద వస్తుంది. కువైట్ ఈసీఆర్ దేశాల్లో ఒకటి. అంటే పనికి వెళ్లే ముందు మన ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ నుంచి క్లియరెన్సు ఉండాలి, అది ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా జరుగుతుంది. కాంట్రాక్టు అందులో ఉంటుంది, యజమాని ఎవరో ఉంటుంది, ఏజెంటు ఎవరో ఉంటుంది. రేపు ఏదైనా గొడవ వస్తే ఎంబసీ ముందు చూసేది ఆ రికార్డే. ఏజెంటుకి లైసెన్సు ఉందా లేదా అన్నది ఆ వెబ్‌సైట్‌లోనే రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితాలో చూసుకోవచ్చు. ఊళ్లో తిరిగే మనిషి "నేను హైదరాబాద్ ఆఫీసు తరఫున" అంటే ఆ ఆఫీసు పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ అడగండి, ఆ ఆఫీసుకే నేరుగా ఫోను చేసి ఈ మనిషి మీవాడేనా అని కనుక్కోండి. రిజిస్టర్డ్ ఏజెంటు సర్వీసు ఫీజు కింద తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400, అదీ రసీదు ఇచ్చి. లక్షా ఎనభై వేలు అడిగాడంటేనే మిగతాది వీసా కొన్న డబ్బు అని అర్థం.

వెళ్లే ముందు ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తీసుకోవాలి, ఈసీఆర్ వాళ్లకి అది తప్పనిసరి కూడా. రెండేళ్లకి రూ.275, మూడేళ్లకి రూ.375. ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. మూడు వందలకి ఇంత భద్రత ఇంకెక్కడా దొరకదు.

ఈసీఆర్ గొడవ తప్పించడానికి కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద దుబాయ్ తీసుకెళ్లి అక్కణ్ణుంచి కువైట్ ఎక్కిస్తారు. అలా వెళ్తే మన దేశంలో మీ బావమరిది పనికి వెళ్లినట్టు ఎక్కడా రికార్డు ఉండదు. దానికి మాత్రం అస్సలు ఒప్పుకోకండి. అతను 24 ఏళ్ల కుర్రాడు, తొందరేం లేదు, ఓపెన్ స్కూల్లో పది పరీక్ష కట్టి పాసైతే పాస్‌పోర్టు ఈసీఆర్‌లోంచి బయటికి వస్తుంది, 18 వీసా మీద మంచి కంపెనీలు కూడా తీసుకుంటాయి. ఒక ఏడాది ఆగడం కష్టంగా అనిపిస్తుంది, కానీ నేను చూసినవాళ్లలో ఆగినవాళ్లెవరూ బాధపడలేదు.

అలాగని వీసా మీద 18 అని ఉన్నంత మాత్రాన చాలదు. కాగితాల మీద మాత్రమే ఉండే కంపెనీలు ఉన్నాయి. బోర్డు ఉంటుంది, లోపల టేబులూ కుర్చీ ఉంటాయి, పని ఉండదు. అలాంటి కంపెనీ పేరు మీద యాభై వీసాలు తీసి అమ్ముతారు, తర్వాత అక్కడి కార్మిక వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ మాన్‌పవర్ అథారిటీవాళ్లు ఆ కంపెనీ ఫైలు ఆపేస్తారు, యాభై మంది అకామాలూ రెన్యువల్ కాకుండా నిలిచిపోతాయి. ఆజాద్ వీసా 18లో కూడా అమ్ముతారని గుర్తుపెట్టుకోండి. కాబట్టి కంపెనీ పేరు తెలిశాక ఆ కంపెనీలో ఇప్పుడు పని చేస్తున్న మనిషి ఒక్కడితోనైనా మాట్లాడాలి. కువైట్‌లో మన జిల్లాలవాళ్లు లేని ఏరియా లేదు, మీ ఊళ్లోనే ఎవరో ఒకరి అన్నయ్యో బాబాయో అక్కడ ఉంటాడు. శుక్రవారం సెలవు రోజు ఆ షాపు దాకా వెళ్లి చూసి రమ్మంటే కాదనరు.

నిజమైన 18 మీద వెళ్తే లాభం ఏంటంటే, మూడేళ్లు పూర్తయ్యాక ముందుగా నోటీసు ఇచ్చి యజమాని సంతకం లేకుండా కూడా వేరే కంపెనీకి మారే అవకాశం ఉంది. 2025 జులై 1 నుంచి మాత్రం 18 వాళ్లు దేశం దాటాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో యజమాని ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. ఊరు రావాలనుకున్నప్పుడు టికెట్ కన్నా ముందు అది చూసుకోవాలి.

ఒకవేళ అతను సక్రమమైన ఇంటి డ్రైవరు పనికే వెళ్లాలనుకుంటే అది తక్కువ పనేమీ కాదు. 2015లో ఇంటి పనివాళ్ల కోసం విడిగా చట్టం తెచ్చారు, 68వ నంబరు. వారానికి ఒకరోజు సెలవు, రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, ఏడాదికి నెల రోజులు జీతంతో సెలవు, మానేసేటప్పుడు చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 21 ఏళ్ల లోపువాళ్లనీ 60 దాటినవాళ్లనీ తీసుకోకూడదు. కనీస జీతం 2016లో 60 దినార్లు అని పెట్టారు, కానీ అంత తక్కువకి ఒప్పుకోకండి, డ్రైవరుకి అంతకన్నా చాలా ఎక్కువే ఇస్తారు. ఇవన్నీ ప్రతి ఇంట్లో అమలవుతున్నాయని చెప్పను, చాలా ఇళ్లలో పాస్‌పోర్టు ఇంకా యజమాని బీరువాలోనే ఉంటుంది. కానీ చట్టం ఉంది కాబట్టి మాన్‌పవర్ అథారిటీలో ఇంటి పనివాళ్ల విభాగానికి వెళ్లి ఫిర్యాదు చెయ్యొచ్చు. ఆ ఫిర్యాదు నిలబడాలంటే నువ్వు నిజంగా ఆ ఇంట్లో పని చేసినవాడివై ఉండాలి. ఆజాద్ మీద వెళ్లినవాడికి ఈ చట్టంలో ఒక్క అక్షరం కూడా అక్కరకి రాదు.

దిగిన తర్వాత సంగతి. మొదటి రెండు మూడు నెలల్లో బతాకా చేతికి రావాలి. రాకపోతే, "వస్తుంది వస్తుంది" అంటుంటే, ఆగకుండా ఇంటికి చెప్పమనండి. సహెల్ అనే అక్కడి ప్రభుత్వ యాప్ ఫోనులో పెట్టుకుంటే అకామా గడువు తనే చూసుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. ఇరవై నంబరు అకామా ఉన్నవాళ్లు ఊరు వస్తే నాలుగు నెలలు దాటి ఉండకూడదు, దాటితే అకామా పోతుంది. పెళ్లికని వచ్చి అయిదో నెలలో తిరిగెళ్తూ ఎయిర్‌పోర్టులో ఆగిపోయినవాళ్లు ఉన్నారు. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బతాకా నాలుగింటి ఫొటోలూ ఇక్కడ అక్కయ్య ఫోనులో కూడా ఉండాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది. ఒకసారి నరసాపురం రేవులో పంటు మీద ఒకావిడ కలిశారు, కొడుకు ఆరు నెలల నుంచి ఫోను ఎత్తడం లేదు, ఎంబసీకి రాద్దామంటే పాస్‌పోర్టు నంబరు లేదు, కఫీల్ పేరు తెలీదు, ఏ ఏరియాలో ఉన్నాడో తెలీదు. ఆవిడ చేతిలో ఉన్నది పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఒక్కటే. సఖినేటిపల్లి ఒడ్డు వచ్చేదాకా ఆవిడకి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. తర్వాత పాస్‌పోర్టు అప్లికేషను చేయించిన నెట్ సెంటర్ వెతికి నంబరు పట్టుకుని మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కంప్లయింటు పెట్టాం, రెండు నెలలకి అబ్బాయి ఆచూకీ దొరికింది. ఆ నంబరు మొదటి రోజే ఆవిడ దగ్గర ఉండి ఉంటే ఆరు నెలలు అలా తిరిగేవారు కాదు.

కష్టంలో పడితే మన ఎంబసీకి నేరుగా వెళ్లొచ్చు. ఇక్కడ ఇంట్లోవాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో పెట్టొచ్చు, ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090కి ఫోన్ చెయ్యొచ్చు. రాష్ట్రంలో ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇది చదివేవాళ్లలో ఆడవాళ్లని పంపాలనుకుంటున్నవాళ్లు ఉంటారు కాబట్టి ఒక మాట. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీలకి 30 ఏళ్లు నిండాలి, ఇంటి పనికి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి, మనకి ఏపీ ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది. పాస్‌పోర్టులో వయసు పెంచి రాయిస్తామనీ, విజిట్ మీద పంపిస్తామనీ వచ్చేవాళ్లని గుమ్మం ఎక్కనివ్వకండి. ఆజాద్ వీసాలో మగవాళ్లకి డబ్బు పోతుంది, ఆడవాళ్లకి అంతకన్నా ఎక్కువ పోయే ప్రమాదం ఉంది. ఆ కేసులు నేను ఇక్కడ రాయలేను.

మిగతా దేశాల సంగతి అడుగుతారేమో. దుబాయ్‌లో విజిట్ మీద వెళ్లి ఉద్యోగం దొరికితే అక్కడే ఉండి ఉద్యోగ వీసాకి మారే పద్ధతి ఉంది, ఖతార్‌లో 2020లో, ఒమాన్‌లో 2021 జనవరి నుంచి పాత యజమాని ఎన్‌ఓసీ లేకుండా ఉద్యోగం మారే వీలు తెచ్చారు. ఏజెంట్లు ఈ మూడిటినీ కలిపేసి కువైట్‌కి కూడా అలాగే అని చెబుతారు. ఏ దేశం పద్ధతి ఆ దేశానిదే, మీ బావమరిది వెళ్లేది కువైట్, అక్కడి 20 నంబరు అకామాకి ఇవేవీ వర్తించవు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. రేపు ఏజెంటు దగ్గరికి వెళ్లి "మాకు ఆజాద్ వద్దు, అదే కఫీల్ ఇంట్లో డ్రైవరుగానే చేస్తాడు, ఆయనతో వీడియో కాల్లో మాట్లాడించండి, కాంట్రాక్టు ఈమైగ్రేట్‌లో పెట్టించండి" అని అడిగి చూడండి. కఫీల్ నిజంగా డ్రైవరు కావాలనుకున్నవాడైతే మాట్లాడిస్తారు. మాట తప్పిస్తే అక్కడ ఇల్లూ లేదు, కారూ లేదు, వీసా అమ్మకం ఒక్కటే ఉంది. వీసా కాపీ గనక ఇప్పటికే ఇచ్చి ఉంటే పాస్‌పోర్టు నంబరూ పుట్టిన తేదీ కనపడకుండా కాగితం అడ్డం పెట్టి ఫొటో తీసి పంపండి. వృత్తి దగ్గరా ఆర్టికల్ నంబరు దగ్గరా కఫీల్ పేరు దగ్గరా అరబీలో ఏం రాసుందో నేను చదివి చెబుతాను. సాయంత్రం ఏడు తర్వాత ఖాళీగానే ఉంటాను.